కనీస వేతనం: చట్టం వేసిన లెక్క, చేతికొచ్చే కూలి

సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లో ప్లాట్‌ఫారం ఊడ్చే కాంట్రాక్టు కార్మికురాలికి కేంద్ర ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనం వర్తిస్తుంది. 2024 అక్టోబర్ 1న అమల్లోకి వచ్చిన రేటు ప్రకారం హైదరాబాద్ లాంటి ‘ఏ’ కేటగిరీ (పెద్ద) నగరాల్లో అది రోజుకు 783 రూపాయలు, అంటే 26 రోజుల నెలకు 20,358. స్టేషన్ బయట, రోడ్డు అవతల షాపింగ్ కాంప్లెక్సులో ఊడ్చే మనిషికి మాత్రం రాష్ట్ర ప్రభుత్వ రేటు వర్తిస్తుంది. చీపురు అదే, దుమ్ము అదే, కిరాణా కొట్టులో కందిపప్పు ధర కూడా ఇద్దరికీ ఒకటే. జీతంలో మాత్రం వేల రూపాయల తేడా. ఇక దేశంలో ఎక్కడా ఇంతకంటే తగ్గకూడదని కేంద్రం 2017లో చెప్పిన జాతీయ కనీస స్థాయి రోజుకు 176 రూపాయలు. 2019లో దాన్ని 178 చేస్తామన్నారు. రెండేళ్ల తర్వాత పెరిగింది రెండు రూపాయలు.

ఒకే పనికి 783, 176 అనే రెండు అంకెలూ కనీస వేతనం పేరుతోనే చలామణీ అవుతున్నాయంటే, వీటిలో ఒకటి అసలు ఏ లెక్కకూ అందనిదై ఉండాలి. ఎందుకంటే ఈ దేశంలో కనీస వేతనానికి ఒక లెక్క ఉంది. అది నిన్నా మొన్నా కార్మిక సంఘాలు వేసిన లెక్క కూడా కాదు.

కనీస వేతనాల చట్టం 1948లో వచ్చింది. ఎంత ఇవ్వాలో ఆ చట్టం చెప్పలేదు. ఆ ఖాళీని 1957లో 15వ భారత కార్మిక సమావేశం పూరించింది. ప్రభుత్వం, యజమానులు, కార్మికులు, మూడు పక్షాలూ కూర్చుని ఏకగ్రీవంగా ఒప్పుకున్న సూత్రం అది. ఒక కార్మికుడి సంపాదన మీద అతనూ, భార్యా, ఇద్దరు పిల్లలూ బతకాలి. అందరికీ ఒకే మోతాదు తిండి అక్కర్లేదు కనుక మొత్తం కుటుంబాన్ని మూడు వినియోగ యూనిట్లుగా, అంటే ముగ్గురు పెద్దవాళ్లతో సమానంగా తీసుకున్నారు. యూనిట్‌కు రోజుకు 2,700 కేలరీల తిండి. మనిషికి ఏడాదికి 18 గజాల బట్ట, అంటే ఇంటికి 72 గజాలు. ప్రభుత్వ పారిశ్రామిక గృహ పథకం కింద ఇచ్చే కనీస విస్తీర్ణానికి తగ్గ అద్దె. వంటచెరకు, దీపం, ఇతర ఖర్చులకు మొత్తం వేతనంలో 20 శాతం. భార్యా పిల్లలు ఏమైనా సంపాదిస్తే దాన్ని ఈ లెక్కలో కలపకూడదని కూడా అప్పుడే రాసుకున్నారు. 1991లో రెప్టకోస్ బ్రెట్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో అంశం చేర్చింది. పిల్లల చదువు, వైద్యం, పండగా పబ్బం, ముసలితనం, పెళ్లిళ్ల లాంటి ఖర్చులకు 25 శాతం ఉండాలంది.

ఈ జాబితాలో విలాసం ఒక్కటీ లేదు. కడుపు నిండా తిండి, ఒంటి మీద బట్ట, తల మీద కప్పు, జ్వరమొస్తే మందు. ఇంతకన్నా తగ్గించడానికి ఏ వస్తువును తీసేయాలో చెప్పమంటే ఎవరూ చెప్పలేరు.

యజమాని స్తోమత సంగతేమిటన్న ప్రశ్న కూడా కొత్తది కాదు. 1961లో ఉనిచోయి కేసులో సుప్రీంకోర్టు దీనికి తేల్చి జవాబిచ్చింది. కనీస వేతనం ఇవ్వలేని పరిశ్రమకు బతికే హక్కు లేదని, కనీస స్థాయి నిర్ణయించేటప్పుడు యజమాని చెల్లించగలడా లేడా అని చూడనక్కర్లేదని చెప్పింది. 1982లో ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో జస్టిస్ భగవతి ధర్మాసనం మరింత ముందుకు వెళ్లింది. కనీస వేతనం కంటే తక్కువకు పనిచేయించుకోవడం రాజ్యాంగంలోని 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీ అని తీర్పు చెప్పింది. ఆకలి కూడా బలవంతమేనన్నది ఆ తీర్పు సారం. వేరే గతి లేక తక్కువ కూలికి ఒప్పుకున్నవాడు ఇష్టపడి ఒప్పుకున్నట్టు కాదు.

మరి 176 ఎక్కడ నుంచి వచ్చింది? పాత అంకెకు ధరల సూచీ ప్రకారం కొంత కలుపుతూ పోతే వచ్చింది. కుటుంబ అవసరాలను మొదటి నుంచీ మళ్లీ లెక్కగట్టమని కేంద్రమే అనూప్ శతపథి అధ్యక్షతన ఒక నిపుణుల కమిటీ వేసింది. 2019లో ఆ కమిటీ నివేదిక ఇచ్చింది. కేలరీలను 2,400కు తగ్గించి, దానికి తోడు రోజుకు 50 గ్రాముల ప్రోటీన్, 30 గ్రాముల కొవ్వు ఉండాలంది. కుటుంబాన్ని 3.6 యూనిట్లుగా తీసుకుంది. 2018 జూలై ధరల్లో రోజుకు 375 రూపాయలు, నగరాల్లో ఉండేవాళ్లకు ఇంటి అద్దె కోసం నెలకు మరో 1,430 వరకూ ఇవ్వాలని తేల్చింది. ప్రభుత్వం వేసుకున్న కమిటీ, ప్రభుత్వ గణాంకాలతో చెప్పిన మాట ఇది. అదే ఏడాది ప్రకటించిన అంకె మాత్రం 178. ధరలు ఏటా 5 శాతం చొప్పున పెరిగాయనుకుంటే, ఆ 375 ఏడేళ్లకు దాదాపు 528 అవుతుంది. కాబట్టి పెంచమని అడుగుతున్నది కొత్తగా దయ చూపమని కాదు. సొంత కమిటీ లెక్కనైనా పాటించమని.

అద్దె దగ్గర ఈ లెక్క ఎంత వాస్తవానికి దూరంగా ఉందో కాస్త నిదానంగా చూడాలి. పాత వేతన చట్టాల స్థానంలో తెచ్చిన వేతన కోడ్ కోసం కేంద్రం 2020లో విడుదల చేసిన ముసాయిదా నిబంధనల్లో 2,700 కేలరీలు, ఏడాదికి కుటుంబానికి 66 మీటర్ల బట్ట ఉన్నాయి. ఇంధనం, కరెంటు తదితరాలకు వేతనంలో 20 శాతం, చదువు, వైద్యం తదితరాలకు 25 శాతం ఉన్నాయి. ఇంటి అద్దె మాత్రం తిండికీ బట్టకూ అయ్యే ఖర్చులో పదో వంతు అని రాశారు. వేతనం 20,000 అనుకుందాం. అందులో 45 శాతం, అంటే 9,000 పైన చెప్పిన ఖర్చులకు పోతే మిగిలేది 11,000. అద్దె తిండీ బట్టల ఖర్చులో పదో వంతు కాబట్టి తిండికీ బట్టకూ 10,000, అద్దెకు 1,000. మొత్తం జీతంలో అద్దె వాటా ఐదు శాతం. బోరబండలోనో జగద్గిరిగుట్టలోనో, గాజువాకలోనో ఒక్క గది, వాడుకోవడానికి నలుగురితో కలిసిన బాత్రూమ్ ఉన్నా సరే, వెయ్యి రూపాయలకు ఎవరిస్తారు? అసలు అద్దెకూ వెయ్యికీ మధ్య ఉన్న తేడా తిండిలోంచి కోతపడుతుంది. పాలు సగం లీటరు అవుతాయి, కూర పలచనవుతుంది, పిల్లవాడి ట్యూషన్ ఆగిపోతుంది. కేలరీల లెక్కను కాగితం మీద ఎంత జాగ్రత్తగా వేసినా, అద్దె దగ్గర వదిలేస్తే ఆ కేలరీలు కంచంలోకి రావు.

రెండు తెలుగు రాష్ట్రాల్లో సమస్య ఇంకో రకంగా ఉంది. రాష్ట్ర కనీస వేతనం రెండు భాగాలు. ఒకటి మూల వేతనం, రెండోది ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో ధరల సూచీని బట్టి మారే కరువు భత్యం, అంటే వీడీఏ. మూల వేతనాన్ని ఐదేళ్లకు మించకుండా సవరించాలని 1948 చట్టమే చెప్పింది. ఆ సవరణ ఏళ్ల తరబడి ఆగిపోయినా వీడీఏ పెరుగుతూనే ఉంటుంది కనుక, జీతం పెరుగుతున్నట్టే కనిపిస్తుంది. నిజానికి అది పాత జీతం విలువ పడిపోకుండా ఆపడం మాత్రమే. ఈ మధ్యలో హైదరాబాద్ చుట్టూ ఎన్ని టవర్లు లేచాయో, ఎన్ని కంపెనీలు వచ్చాయో, రాష్ట్ర ఆదాయం ఎన్ని రెట్లయిందో, ఆ పెరుగుదలలో కూలి మనిషి వాటా సున్నా. పైగా పదిహేనేళ్ల కిందటి కుటుంబ ఖర్చుల్లో లేని ఫోన్ రీచార్జి, స్కూలు బస్సు, గ్యాస్ బండ ఇప్పుడు తప్పనివి.

తెలంగాణలో 2021 జూన్‌లో సెక్యూరిటీ, నిర్మాణ రంగాలు సహా ఐదు రంగాలకు కొత్త వేతనాల జీవోలు వచ్చాయి. వాటిని గెజిట్‌లో ప్రచురించలేదు. గెజిట్‌లో రాని జీవోను అడ్డం పెట్టుకుని ఏ లేబర్ ఆఫీసరూ ఒక్క రూపాయి ఇప్పించలేడు. విషయం హైకోర్టు దాకా వెళ్లి, ప్రచురించమని 2023లో కోర్టు ఆదేశించాల్సి వచ్చింది. లక్షలాది మంది జీతం ఒక ప్రెస్సులో అచ్చుకు నోచుకోక ఆగిపోయిందంటే, దాన్ని ఆఫీసు ఆలస్యంగా కొట్టిపారేయలేం. సవరణ జరగని ప్రతి నెలా యజమానికి మిగులు, కార్మికుడికి కోత.

చేతికొచ్చే అంకె కూడా చాలాసార్లు మోసం చేస్తుంది. అపార్ట్‌మెంట్ల దగ్గర, ఏటీఎంల దగ్గర సెక్యూరిటీ గార్డుల డ్యూటీ పన్నెండు గంటలు. ఒక గార్డుకు నెలకు 15,000 ఇస్తున్నారనుకుందాం. వినడానికి ఫరవాలేదనిపిస్తుంది. 26 రోజులకు పంచితే రోజుకు 577. చట్టం ప్రకారం ఎనిమిది గంటలు దాటిన పనికి రెట్టింపు చెల్లించాలి. నాలుగు గంటల ఓవర్‌టైం ఎనిమిది గంటల జీతంతో సమానం. అంటే ఆ 577 పదహారు గంటల కూలి. ఎనిమిది గంటలకు లెక్కకడితే 288 రూపాయలు. వారం సెలవు కూడా లేకుండా ముప్పై రోజులూ వస్తే 250. నెల జీతం 15,000 అని బోర్డు మీద రాసినా, చట్టం దృష్టిలో అది 7,500 ఉద్యోగమే. కనీస వేతనం పెంపు గురించి మాట్లాడేటప్పుడు పని గంటలను పక్కన పెడితే, పెంచిన మొత్తాన్ని ఇంకో రెండు గంటల డ్యూటీ మింగేస్తుంది.

ఇక అందరూ ముందు పెట్టే అభ్యంతరానికి వద్దాం. కూలి పెంచితే పని పోతుందని, యజమాని పదిమంది చేసే పనిని ఏడుగురితో చేయించుకుంటాడని అంటారు. వినడానికి తర్కంగానే ఉంటుంది. దీనికి గట్టి జవాబు అమెరికా పుస్తకాల్లో వెతకక్కర్లేదు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోనే దొరికింది.

2010 నుంచి 2012 మధ్య ఎనిమిది జిల్లాల్లోని 157 మండలాల్లో ఉపాధి హామీ కూలి చెల్లింపులకు స్మార్ట్ కార్డులు తెచ్చారు. ఏ మండలానికి ముందు, ఏ మండలానికి తర్వాత అన్నది లాటరీ పద్ధతిలో నిర్ణయించారు. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ ఈ రెండు రకాల మండలాలనూ పోల్చి చూశారు. ఉపాధి కూలి రేటు పెంచలేదు. వేలిముద్రతో డబ్బు త్వరగా, మధ్యలో ఎవరూ కొట్టేయకుండా అందడం మొదలైంది, అంతే. లబ్ధిదారుల కుటుంబాల సంపాదన 14 శాతం పెరిగింది. ఆ పెరుగుదలలో 86 శాతం ఉపాధి పనుల నుంచి రాలేదు, బయటి పనుల నుంచి వచ్చింది. రైతుల దగ్గర, ఇతరుల దగ్గర కూలి రేట్లు పెరిగాయి. సిద్ధాంతం ప్రకారం అప్పుడు బయటి పని తగ్గాలి. తగ్గకపోగా పెరిగింది. భూమి కొద్దిమంది చేతుల్లో ఉన్న ఊళ్లలో ఈ పెరుగుదల ఇంకా ఎక్కువ.

దీనికి కారణం పల్లెలో పుట్టి పెరిగినవాళ్లకు తెలిసిందే. పని చెప్పేవాళ్లు నలుగురు, పనికొచ్చేవాళ్లు నాలుగు వందల మంది ఉన్నచోట రేటు బేరంతో తేలదు. మోతుబరి చెప్పిందే రేటు. అంత తక్కువకు రామని కొందరు ఇంట్లో ఉండిపోతారు, కొందరు వలస పోతారు. మరో దారి దొరికి కూలి మనిషి కాస్త నిలబడి అడగగలిగితే రేటు పెరుగుతుంది, ఆ రేటుకు పనికొచ్చేవాళ్లూ పెరుగుతారు. చట్టం గట్టిగా అమలయ్యే కనీస వేతనం చేసే పని కూడా ఇదే. అడిగే బలం లేనివాడి తరఫున ముందే అడిగి పెడుతుంది. ఆ ఊళ్లలో చేతిలో డబ్బు ఆడడంతో వ్యవసాయేతర చిన్న వ్యాపారాలు కూడా పెరిగాయని అదే అధ్యయనం చెప్పింది. కూలి మనిషి పెరిగిన డబ్బును దాచుకోడు. చెప్పులు, స్టీలు గిన్నె, పిల్లలకు బిస్కెట్ ప్యాకెట్, ఇంటి రేకులు కొంటాడు. అవి అమ్మేది ఆ చుట్టుపక్కల దుకాణాల్లోనే.

బయటి దేశాల అనుభవమూ దీనికి దగ్గరగానే ఉంది. అమెరికాలోని న్యూజెర్సీ 1992 ఏప్రిల్‌లో కనీస వేతనాన్ని గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05కు పెంచింది. పక్కనే ఉన్న పెన్సిల్వేనియా పెంచలేదు. రెండు చోట్లా ఫాస్ట్‌ఫుడ్ హోటళ్లను పోల్చిన ఆర్థికవేత్తలు డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్‌లకు న్యూజెర్సీలో ఉద్యోగాలు తగ్గినట్టు కనిపించలేదు. ఈ తరహా పరిశోధనలకే కార్డ్‌కు 2021లో నోబెల్ వచ్చింది. బ్రిటన్ 1999లో జాతీయ కనీస వేతనం తెచ్చినప్పుడు లక్షల ఉద్యోగాలు పోతాయన్న కన్జర్వేటివ్ పార్టీయే, 2016లో అధికారంలో ఉండి దాన్ని బాగా పెంచింది.

చిన్న రైతు, కౌలు రైతు భయం మాత్రం నిజమైనది. నాట్లకూ కలుపుకూ కూలి ఖర్చు పెరిగితే, పండిన ధాన్యానికి ధర అంతే ఉంటే మునిగేది అతనే. కూలికీ కౌలు రైతుకీ మధ్య తగువు పెట్టి దీన్ని తేల్చకూడదు. మద్దతు ధర లెక్కలో కూలి ఖర్చు కూడా ఉంటుంది. కొనుగోలు కేంద్రంలో తేమ పేరుతో, తరుగు పేరుతో కోత పెట్టకుండా ఆ ధర చేతికిస్తే కూలి పెంపును రైతు మోయగలడు. పైన చెప్పిన ఆంధ్రప్రదేశ్ అధ్యయనంలో మరో విషయం కూడా తేలింది. కూలి పెరిగిన మండలాల్లో భూమి మీద వచ్చే రాబడి తగ్గింది. అంటే భారంలో కొంత భూయజమాని మీదకు వెళ్లింది. కౌలు రైతుకు గుర్తింపు కార్డు ఇచ్చి, కౌలు రేటు గురించి కూడా ప్రభుత్వం మాట్లాడితే ఆ వాటా ఇంకా సరిగ్గా పంపిణీ అవుతుంది.

పట్నంలో చిన్న వ్యాపారి సంగతి ఇంత కష్టమైంది కాదు. రోజుకు 300 ప్లేట్లు అమ్మే టిఫిన్ సెంటర్లో ఐదుగురు పనివాళ్లు ఉన్నారనుకుందాం. ఒక్కొక్కరికి రోజుకు 100 రూపాయలు పెంచితే 500. మొత్తం తినేవాళ్ల మీదే వేసినా ప్లేటుకు రూపాయి అరవై ఏడు పైసలు. పచ్చిమిర్చి, నూనె, గ్యాస్ ధర పెరిగినప్పుడు ఇంతకన్నా ఎక్కువే పెంచి బతికారు. పెంపు ఒక్క సెంటర్‌కే కాకుండా ఆ వీధిలో అందరికీ వర్తిస్తే, పక్కవాడు తక్కువకు అమ్ముతాడన్న భయమూ ఉండదు. చట్టంతో పెంచడం వల్ల ఉపయోగం ఇక్కడే ఉంది. మంచి జీతం ఇద్దామనుకునే యజమానిని, ఎగ్గొట్టే యజమాని పోటీలో ఓడించకుండా ఆపుతుంది.

కేరళను చూసినా ఇదే అర్థమవుతుంది. రిజర్వ్ బ్యాంక్ లెక్కల ప్రకారం 2022–23లో గ్రామీణ వ్యవసాయ కూలి కేరళలో రోజుకు సగటున 764 రూపాయలు, మధ్యప్రదేశ్‌లో 229, దేశ సగటు 346. ఎక్కువ కూలి వల్ల కేరళలో పని లేకుండా పోతే బెంగాల్ నుంచి, ఒడిశా నుంచి, అస్సాం నుంచి అక్కడికి రైళ్లెక్కి వెళ్లేవాళ్లు ఉండకూడదు. శ్రీకాకుళం, పాలమూరు మనుషులకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. జనం తక్కువ కూలి ఉన్నచోటి నుంచి ఎక్కువ కూలి ఉన్నచోటికే వలస వెళ్తారు.

తక్కువ వేతనం ఖర్చు ఎవరో ఒకరు ఎప్పుడూ కడుతూనే ఉంటారు. రేషన్ బియ్యం రూపంలో ప్రభుత్వం కడుతుంది, మైక్రోఫైనాన్స్ వారం కిస్తీ రూపంలో ఇంటి ఆడమనిషి కడుతుంది, చదువు మానేసి పనిలో చేరిన పిల్లవాడు కడతాడు. పని చేయించుకున్న సంస్థ ఒక్కటే కట్టకుండా తప్పించుకుంటుంది.

ఆ సంస్థ చాలాసార్లు ప్రభుత్వమే కావడం ఈ విషయంలో అన్నిటికన్నా బాధ కలిగించేది. 2023 డిసెంబర్ 12 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు 42 రోజులు సమ్మె చేశారు. మధ్యలో అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే ఎస్మా చట్టాన్ని ప్రయోగించినా వెనక్కి తగ్గలేదు. అప్పటికి కార్యకర్తకు నెలకు 11,500, ఆయాకు 7,000. వాళ్లు అడిగిన వాటిలో ప్రధానమైనది కనీస వేతనం 26,000. పిల్లల బరువు తూచడం, గర్భిణులకు గుడ్లూ పాలూ ఇవ్వడం, యాప్‌లలో ఫోటోలు ఎక్కించడం, సర్వేలు, ఎన్నికల డ్యూటీ, అన్నీ చేస్తున్నా వాళ్లకు ఇచ్చేది గౌరవ వేతనం కనుక కనీస వేతన చట్టం వర్తించదంటున్నారు. 2022లో సుప్రీంకోర్టు గ్రాట్యుటీ విషయంలో అంగన్‌వాడీలది పూర్తిస్థాయి ఉద్యోగమేనని, వాళ్లకు గ్రాట్యుటీ ఇవ్వాలని చెప్పింది. గ్రాట్యుటీకి పనికొచ్చిన ఉద్యోగం కనీస వేతనానికి ఎందుకు పనికిరాదో ఏ ప్రభుత్వమూ వివరించలేదు. సర్కారు తన సొంత ఆయాకు రోజుకు 233 రూపాయలు ఇస్తూ ప్రైవేటు యజమానికి చట్టం చెప్తే, ఎవరు వింటారు?

2019లో పార్లమెంటు ఆమోదించిన వేతన కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. ఇందులో మంచి మార్పులున్నాయి. పాత చట్టం షెడ్యూలులో ఉన్న పనులకే వర్తించేది, కోడ్ ఉద్యోగులందరికీ వర్తిస్తుంది. కేంద్రం ఫ్లోర్ వేజ్, అంటే కనీస వేతనానికి అడుగు హద్దు, నిర్ణయిస్తే ఏ రాష్ట్రమూ అంతకన్నా తక్కువ పెట్టకూడదు, ఇప్పటికే ఎక్కువ ఉంటే తగ్గించకూడదు. దీని బలమంతా ఆ ఫ్లోర్ వేజ్ అంకె మీద ఆధారపడి ఉంది. అది 176, 178ల వరుసలో ఇంకో మెట్టుగా వస్తే కోడ్ రాకముందు ఉన్న పరిస్థితే చట్టబద్ధమవుతుంది. శతపథి కమిటీ లెక్కను నేటి ధరలకు తెచ్చి, అద్దెను నగరాల వారీగా నిజంగా సర్వే చేసి కలిపితే, రైల్వే స్టేషన్లలో కేంద్రం ఇప్పటికే ఒప్పుకున్న అంకెకు అది దగ్గరగా వస్తుంది. రాష్ట్రాలు ఐదేళ్ల సవరణ గడువును గెజిట్ తేదీతో సహా పాటించాలి, ఆశ, అంగన్‌వాడీ, మధ్యాహ్న భోజన కార్మికులను ఉద్యోగులుగా ఒప్పుకోవాలి. ఈ రెండింటికీ ఢిల్లీ అనుమతి కోసం చూడాల్సిన పని లేదు.

అంకె పెరిగేలోగా, ఉన్న అంకెను రాబట్టుకునే దారులు కోడ్‌లో కొన్ని ఉన్నాయి. తక్కువ చెల్లించినట్టు తేలితే బకాయితో పాటు దానికి పది రెట్ల వరకూ పరిహారం ఇప్పించవచ్చు. పాత చట్టంలో ఫిర్యాదుకు ఆరు నెలలే గడువు, ఇప్పుడు మూడేళ్లు. వేతన స్లిప్ ఇవ్వడం యజమాని బాధ్యత. కాంట్రాక్టర్ ఎగ్గొడితే పని చేయించుకున్న అసలు సంస్థ కట్టాలి. అందుకని బ్యాంకు ఖాతాలో పడిన జీతం మెసేజ్‌లు, హాజరు రిజిస్టర్ ఫోటో, డ్యూటీ చార్ట్ వేసిన వాట్సాప్ గ్రూపు, కాంట్రాక్టర్ ఏటీఎం కార్డు తీసుకుని డబ్బు వెనక్కి లాక్కుంటుంటే ఆ తేదీలు, ఇవన్నీ కార్మికుడి దగ్గర భద్రంగా ఉండాలి. లేబర్ ఆఫీసులో అడిగే మొదటి కాగితాలు అవే.